పిల్లలతో పడవ, గాలం: తరచుగా అడిగే ప్రశ్నలు

నా పుట్టిల్లు కోనసీమలో కాలవ గట్టున, అత్తిల్లు ఓరుగల్లు పక్కన చెరువు కట్ట కింద. మేం ఉండేది మాత్రం హైదరాబాద్‌లో ఆరో అంతస్తు ఫ్లాటులో. సెలవు దొరికితే చాలు, నలుగురం నీళ్ల దగ్గరికి పోతాం. పడవ దొరికితే పడవ, లేకపోతే గట్టు మీద కూర్చుని గాలం. ఫొటోలు చూసి చుట్టాలు, ఆఫీసువాళ్లు, కింది ఫ్లాటువాళ్లు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే, జవాబులన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. మేం బెస్తవాళ్లమూ కాదు, కోచ్‌లమూ కాదు. ఎనిమిదేళ్లుగా ఇద్దరు పిల్లలతో తడుస్తూ నేర్చుకున్నవి ఇవి.

మొదటిసారి ఎక్కడికి తీసుకెళ్లాలి?

నిలిచిన నీళ్ల దగ్గరికి. నది తర్వాత చూసుకోవచ్చు. హైదరాబాద్ నుంచైతే వికారాబాద్ అనంతగిరి కొండల వైపు ఉన్న కోట్‌పల్లి ప్రాజెక్టు మంచిది. అక్కడ కయాక్‌లు అద్దెకిస్తారు, చుట్టూ అడవి, తెల్లారగట్ల బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఊరు దాటే ఓపిక లేకపోతే దుర్గం చెరువు. ఏ చోటికైనా ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. వానలు పడితే, నీళ్లు తగ్గితే ఆపేస్తుంటారు. గోదావరి జిల్లాల్లో మీకు చుట్టాలుంటే ఇంకేం కావాలి, చిన్న కాలవ, తెలిసినవాళ్ల దోనె, గట్టు మీద కేకలేసే పెద్దవాళ్లు.

కయాక్, కనూ, దోనె... తేడా ఏమిటి?

కయాక్ తెడ్డుకి రెండు చివర్లా రెక్కలుంటాయి, కుడీ ఎడమా మార్చి వేస్తారు. కనూ తెడ్డుకి ఒకవైపే రెక్క. మన తాటిదోనె కనూకి అక్క లాంటిది. తాటిమాను చీల్చి లోపలి గుజ్జు తొలిచేస్తే దోనె అయిపోతుంది. కొల్లేరు లంకల్లో, మా వైపు ముంపు చేలల్లో దానిమీదే తిరిగేవారు. లోతు తక్కువైతే తెడ్డు కన్నా గెడ మేలు. కృష్ణ, తుంగభద్రల్లో కనిపించే గుండ్రటి పుట్టి వేరే రకం. వెదురు బుట్టకి తారు పూసిన పట్టా చుడతారు. తెడ్డు వేయడం రాకపోతే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. పిల్లలకి అదే ఇష్టం.

తాటిదోనెలో కూర్చోవడం మా తాతయ్య నేర్పాడు. కాళ్లు చాపి, పిర్రలు అడుగుకి ఆనించి, కదలకుండా. పక్కకి ఉమ్మాలన్నా చెప్పి ఉమ్మమనేవాడు. అప్పట్లో చాదస్తం అనుకునేదాన్ని. కయాక్‌లో సీట్లు మారబోయి నీళ్లలో పడే జంటల్ని చూస్తుంటే ఇప్పుడు ఆయనే గుర్తొస్తాడు. ఎక్కేటప్పుడు అడుగు మధ్యలో వేయాలి. ఎక్కాక నిలబడకూడదు. అంతే పాఠం.

ఏ వయసు పిల్లల్ని ఎక్కించొచ్చు?

చెప్పిన మాట వినే వయసు. మా అమ్మాయి నాలుగేళ్లకే బుద్ధిగా కూర్చుంది, మావాడికి ఆరు దాటితే గానీ ధైర్యం చేయలేదు. చిన్నవాళ్లకి నీళ్ల మీద ముప్పావుగంట చాలు. ఆ తర్వాత ఆకలి, దాహం, ఒంటేలు, అన్నీ ఒకేసారి వస్తాయి.

లైఫ్ జాకెట్ నిజంగా అంత అవసరమా? లోతు నడుం దాకే ఉంటుంది కదా?

అవసరమే. ఈ ఒక్క విషయంలో మా ఇంట్లో బేరాల్లేవు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం, 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు. రెండుచోట్లా మునిగినవి పెద్ద బోట్లే. చిన్న పడవకి ఇంకెంత జాగ్రత్త కావాలో చెప్పక్కర్లేదు.

జాకెట్ ఉంటే చాలదు, సరిపోవాలి. పిల్లాడికి తొడిగి బకిళ్లన్నీ పెట్టాక, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది వాడిది కాదు, వాళ్ల నాన్నది. చిన్నపిల్లలకి కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నదే తీసుకోండి. ఒకసారి ఒక జలాశయం దగ్గర బకిళ్లు విరిగిపోయి, వాటి స్థానంలో పురికొస కట్టిన జాకెట్లు ఇచ్చారు. "ఏం కాదు మేడమ్, అందరూ ఇవే వేసుకుంటారు" అన్నాడు కుర్రాడు. డబ్బు వెనక్కివ్వలేదు. ఎక్కకుండానే వచ్చేశాం, దారిలో మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఆ నెలలోనే పిల్లల సైజు జాకెట్లు రెండు సొంతంగా కొన్నాం. గాలి ఊదే ట్యూబులు, చేతికి తొడిగే బుడగలు జాకెట్లు కావు, బొమ్మలు.

మాకు ఈత రాదు. రావచ్చా?

మా ఆయనకి ఇప్పటికీ రాదు. జాకెట్ వేసుకుని నిలకడ నీళ్లలో, ఈత వచ్చినవాళ్లు తోడుండగా రావచ్చు. పిల్లలకి మాత్రం ముందు ఈత నేర్పించండి. ఇంకో మాట: మందు సీసా ఎక్కిన పడవ మేం ఎక్కం. బావ అయినా, బాబాయ్ అయినా.

పడవ తిరగబడితే?

ఒకసారి తిరగబడింది. ఒక కయాక్‌లో నేనూ అమ్మాయీ, రెండోదాంట్లో మా ఆయనా పిల్లాడూ. తామరపువ్వు కోస్తానని వాడు ఎడమకి వంగాడు. వీడు పడిపోతాడేమోనని ఈయనా ఎడమకే వంగారు. చప్పుడు కూడా లేదు, మెత్తగా బోర్లాపడింది. పిల్లాడు బెండులా తేలి, చేతిలో తామర కాడతో సహా పైకొచ్చాడు. ఈయన మాత్రం కంగారులో కయాక్ మీదకి ఎగబాకాలని చూస్తుంటే అది మళ్లీ మళ్లీ దొర్లిపోతోంది.

ఆ రోజు నేర్చుకున్నది: పడవ మీదకి ఎక్కొద్దు, పక్కన పట్టుకుని వేలాడండి. అది తేలుతుంది, దాన్ని వదిలి ఒడ్డుకి ఈదాలని చూడొద్దు. అందరి పేర్లూ గట్టిగా పిలవండి, అందరూ పలికాక మిగతా సంగతి. ఒక ఫోన్, ఒక జత చెప్పులు చెరువుకి సమర్పించుకున్నాం. ఇప్పుడు ఫోన్‌ని మూతి మడిచి బిగించే వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి మెడలో వేసుకుంటున్నాం. అత్యవసరమైతే 112, అంబులెన్సుకి 108.

చెరువులో గాలం వేయడానికి ఎవర్ని అడగాలి? చెరువు ప్రభుత్వానిదే కదా?

చెరువు ప్రభుత్వానిదే కావచ్చు, అందులో చేప మాత్రం ఎవరో ఒకరిది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

పెళ్లయిన కొత్తలో అత్తగారి ఊళ్లో చెరువు కట్ట మీద దర్జాగా గాలం వేసుకు కూర్చున్నాను. థర్మోకోల్ తెప్ప మీద వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన మెల్లగా ఒడ్డుకొచ్చాడు.

"ఏ ఊరు బిడ్డా?"

చెప్పాను. ఎవరి కోడలినో కూడా చెప్పాను.

"మంచిది. గాలం ఏసుకో, ఒకటి రెండు పడితే తీస్కపో. గని అడిగి ఏయాలె. పిల్లలను పోసింది మేము, కావలి గాసేది మేము."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పిల్లలు అన్నది చేపపిల్లల్ని. తెలంగాణలో చాలా చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు ఊరి మత్స్యకారుల సహకార సంఘానికి ఉంటుంది. 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లల్ని ఇస్తూ వస్తోంది. వాటిని వదిలి, కాపాడి, ఎండాకాలంలో నీళ్లు తగ్గాక వలలు వేసి పట్టి అమ్ముకుంటారు. వాళ్ల సంవత్సరం సంపాదన ఆ నీళ్లలో తిరుగుతూ ఉంటుంది. ఆంధ్రలో పంచాయతీ చెరువైతే వేలం పాడుకున్నవాళ్లుంటారు. భీమవరం, కైకలూరు వైపు కనిపించే చేపల చెరువులు పూర్తిగా సొంత ఆస్తి. అక్కడ అడక్కుండా గాలం వేయడమంటే ఒకరి కోళ్లగూట్లో చేయి పెట్టడమే.

కాబట్టి ముందు సంఘం పెద్దని కలవండి. మేం పోయిన ప్రతిచోటా ఒక గాలం, పిల్లలు అంటే నవ్వి సరే అన్నారు. విసురువల పట్టుకెళితే ఎవరూ నవ్వరు. కొన్నిచోట్ల కిలో లెక్కన డబ్బు తీసుకుంటారు, ఇవ్వండి. అడిగితే దక్కే లాభం ఇంకోటుంది: చేప ఏ మూల తిరుగుతోందో, గుంతలు ఎక్కడున్నాయో వాళ్లే చెప్తారు.

గాలం సామాన్లు ఏం కొనాలి?

పిల్లల మొదటి గాలానికి రీలు అక్కర్లేదు. మీ ఎత్తుకి ఒకటిన్నర రెట్లుండే సన్నటి వెదురు కర్ర, అంతే పొడవు తంగూసు (నైలాన్ దారం), చిన్న కొక్కేలు ఐదారు, సీసం గుండ్లు, నీటి మీద తేలడానికి ఒక బెండు. అన్నీ కలిపి రెండు వందల్లో అయిపోతాయి. బెండుకి మా తమ్ముడు ఇప్పటికీ జీలుగు ముక్కే వాడతాడు. పెళ్లి బాసికాలు చేసే బెండే అది, చిటికెనవేలంత ముక్క చాలు. కార్బన్ రాడ్‌లు తేలిగ్గా బాగుంటాయి గానీ వాటిలో కరెంటు పారుతుంది. కాలవ గట్ల మీద తలెత్తి చూడండి, ఎన్ని తీగలు అడ్డంగా పోతుంటాయో. తడి వెదురుకీ అదే భయం. మేం గాలం విసిరే ముందు పిల్లలు "పైన చూశా" అని అరవాలి, అది మా ఆట.

ఎర సంగతి?

వానపాము. మా వైపు ఎర్ర అంటాం. అంట్లు కడిగే చోట, పేడకుప్ప పక్కన రెండు గునపం పోట్లు వేస్తే కావలసినన్ని. కొబ్బరి చిప్పలో తడిమట్టి వేసి అందులో పెడితే సాయంత్రం దాకా బతికే ఉంటాయి. పట్టుకోవడానికి అసహ్యపడే పిల్లలకి పిండి ఎర: గోధుమపిండి, తవుడు, కొంచెం వేరుశనగ చెక్క పొడి. నీళ్లలో త్వరగా కరగకుండా పిసికేటప్పుడు చిటికెడు దూది పీచు కలపండి. బఠాణీ గింజంత ఉండ చాలు, కొక్కెం మొన కప్పితే సరి.

ఏ చేపలు పడతాయి?

మొదట పడేవి పరిగెలు, జిలేబీలు. జిలేబీ అంటే తినే జిలేబీ కాదు, తిలాపియా. దానికి పట్టింపుల్లేవు, ఏదైనా తింటుంది, అందుకే పిల్లల మొదటి చేప చాలాసార్లు అదే. పిండికి రోహు, బంగారుతీగ కూడా వస్తాయి. రోహుని మా అమ్మ శీలావతి అంటుంది, మా అత్తయ్య రవ్వ అంటుంది. రెండిళ్ల మధ్య ఈ పేర్ల గొడవ ఎప్పటికీ తెగదు. ఎర్రకి జెల్లలు, మట్టగిడసలు పడతాయి. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప. దానికి బతికిన కప్పో చిన్న చేపో కావాలి, అదీగాక ఓపిక కావాలి. మాకు రెండూ తక్కువ.

బెండు చూడటం నేర్పితే పిల్లలు గంటసేపు కదలరు. పరిగెలు పొడుస్తుంటే బెండు టకటకా వణుకుతుంది. అప్పుడు లాగకూడదు. జెల్ల మింగితే పక్కకి లాక్కుపోతుంది. శీలావతి అయితే ఒక్కక్షణం ఏమీ ఉండదు, తర్వాత బెండు నెమ్మదిగా, ఎవరో కిందినుంచి పిలిచినట్టు మునుగుతుంది. మా అమ్మాయి ఇప్పుడు బెండు చూసే చేప పేరు చెప్తోంది. పదిలో ఆరుసార్లు తప్పు.

వానాకాలంలో గడ్డి పక్కన నీటి మీద ఎర్రగా, చిన్న చిన్న బుడగలు కక్కుతూ కదిలే పిల్లల గుంపు కనిపిస్తే అవి కొరమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ గాలం వేయకండి. పెద్దవి పడితే ఆ గుంపంతా ఇతర చేపల నోట్లోకే.

జెల్ల ముల్లు గుచ్చుకుంది. ఏం చేయాలి?

పెద్ద ప్రశ్న, అందరికీ ఒకసారైనా జరుగుతుంది. జెల్లకి వీపు మీద ఒక ముల్లు, మొప్పల వెనక రెండుపక్కలా చెరొకటి ఉంటాయి. బయటికి తీయగానే మూడూ నిక్కించి బిగుసుకుంటుంది. ఒట్టి చేత్తో గుప్పిట పట్టారో, అయిపోయారు. దాన్ని నేల మీద పెట్టి, తడిగుడ్డ కప్పి, ఆ రెండు పక్కముళ్ల వెనక బొటనవేలు, చూపుడువేలు ఆనించి పట్టుకోవాలి. రెండో చేత్తో కొక్కెం వచ్చిన దారినే వెనక్కి తిప్పాలి. పిల్లలకి ఈ పని ఇవ్వం.

ఇంగిలాయి, మార్పు అనే చేపలు ఇంకా ఘోరం. ఇంగిలాయి పోటు తగిలితే మోచేయి దాకా మంటెక్కుతుంది. గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకి తక్కువ కాకుండా ముంచి ఉంచండి. ఆ విషం వేడికి పని మానుతుంది. నొప్పితో మొద్దుబారిన చేతికి వేడి తెలియదు, అందుకే నీళ్ల వేడి ఇంకొకరు చూడాలి. ముల్లు లోపల విరిగినా, వాపు పెరుగుతున్నా డాక్టరు దగ్గరికి పోవాలి, టీటీ ఇంజక్షన్ సంగతి అడగాలి. కొక్కెం చేతిలో దిగి, దాని మొన వెనకుండే ముల్లు దాకా లోపలికి పోతే లాగకండి, తంగూసు కోసేసి అలాగే ఆస్పత్రికి వెళ్లండి. జెల్ల పోటు కోసమే మా సంచిలో ఫ్లాస్కు నిండా వేడి నీళ్లుంటాయి. చాలాసార్లు అవి టీకే ఖర్చవుతాయి.

ఏ కాలం మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి. ఎండ మెత్తగా ఉంటుంది, నీళ్లు తేరుకుంటాయి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. కోనసీమలో ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు మడుగుల్లో మిగిలిన చేపల కోసం ఊరంతా దిగుతుంది. అది వేరే సరదా, బురద సరదా.

జూలై, ఆగస్టుల్లో మేం నది వైపు పోం. చేపలు గుడ్లు పెట్టే కాలం, జలాశయాల్లో వేట నిషేధం కూడా ఉంటుంది. అదీగాక వరద. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లన్నీ ధవళేశ్వరం మీదుగా మా లంకల్లోకే. మన ఊళ్లో చుక్క వాన లేకపోయినా ఎగువ వానకి నది పెరుగుతుంది. మే నెల సాయంత్రాలు కూడా నమ్మకండి. ఆకాశం ఒక మూల నల్లబడి ఉరిమితే ఇంకొక్క చేప అని కూర్చోకుండా ఒడ్డుకి రండి. తాటిచెట్టు కింద నిలబడకండి.

గాలి, ప్రవాహం గురించి ఒక చిట్కా చెప్పండి.

వెళ్లేటప్పుడు ఎదురు వెళ్లండి, వచ్చేటప్పుడు వాలుకి రండి. పిల్లలు అలిసిపోయేది తిరుగు దారిలోనే.

ఎక్కడ అస్సలు దిగకూడదు?

తూము దగ్గర. పైకి నీళ్లు కదలనట్టే ఉంటాయి, తూము ఎత్తితే కింద లాగుడు మామూలుగా ఉండదు. చెరువు నిండి నీళ్లు పొర్లిపోయే మత్తడి దూకుతున్నప్పుడు దాని పైన. కొన్నిచోట్ల అలుగు అంటారు, పేరు మారినా ప్రమాదం మారదు. పూడిక తీసిన చెరువుల్లో మట్టికోసం జేసీబీతో తవ్విన గుంతలుంటాయి. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగులో తల మునిగే చోటికి పోతాం. ఇసుక తవ్విన ఏళ్లలోనూ ఇంతే. రైతుల మోటార్ల తీగలు నీళ్లలోకి దిగినచోటుకి దూరంగా ఉండండి. గుర్రపుడెక్క దట్టంగా ఉన్నచోటికి పడవ తోలితే తెడ్డు చిక్కుకుని మధ్యలో నిలిచిపోతారు, మాకు అయింది.

అభయారణ్యాల్లో వేట నేరం. కొల్లేరులో పక్షుల్ని చూడాలంటే కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్లండి, గాలం ఇంట్లో పెట్టి వెళ్లండి.

పాములు, మొసళ్లు?

చెరువులో తల ఎత్తి ఈదుతూ కనిపించేది ఎక్కువసార్లు విషం లేని నీరుకట్టె. దానికి మన చేప మీద ఆశ తప్ప మన మీద ఆసక్తి లేదు. అయినా పాముని గుర్తుపట్టే పరీక్షలు పిల్లల ముందు వద్దు, దారి ఇవ్వండి. మొసళ్లు మాత్రం నిజమే. సంగారెడ్డి దగ్గర మంజీరలో ఉన్నాయి. నది ఒడ్డున ఊరివాళ్లు దిగని రేవులో మీరూ దిగకండి.

పట్టిన చేప తినొచ్చా?

నీళ్లు బాగుంటే తినొచ్చు. మురుగు కలిసే నగరం చెరువుల చేప మేం తినం. గుప్పెడు లేని పిల్లచేపల్ని చేతులు తడి చేసుకుని పట్టుకుని వదిలేస్తాం. పొడి చేత్తో పట్టుకుంటే వాటి ఒంటి జిగురు పోతుంది. నల్లటి గరుకు పెంకుతో దెయ్యం చేప అనే సక్కర్ పడితే మాత్రం తిరిగి నీళ్లలో వేయకండి. ఒకప్పుడు అక్వేరియంలో పెంచుకుని, విసుగొచ్చి ఎవరో వదిలేసిన జాతి అది. ఇప్పుడు వలలు చింపుతోంది. మావాడు ఇంట్లో గోల్డ్‌ఫిష్‌ని "స్వేచ్ఛగా" చెరువులో వదిలేద్దామంటే అందుకే ఒప్పుకోలేదు.

కొరమీనుకి బూడిద రాసి బండకేసి తోమితే జిగురు పోతుంది. పరిగెలైతే పొట్ట తీసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, పెనం మీద కరకరలాడేదాకా. పులుసు ఒడ్డున వండొద్దు, ఇంటికి తెచ్చి వండి మర్నాడు తినండి.

తెగిన తంగూసు ముక్కలు జేబులో వేసుకుని వచ్చేయండి. ఒకసారి కొంగ కాలికి చుట్టుకుని ఉంటే, మా ఆయన తువ్వాలు కప్పి పట్టుకుంటే, నేను గోళ్ల కత్తెరతో విప్పాను. పావుగంట పట్టింది. పోతూ పోతూ ఆయన చేయి పొడిచి పోయింది.

ఏమీ పడకపోతే పిల్లలు నిరుత్సాహపడరా?

సగం రోజులు ఏమీ పడవు. పిల్లలకి అంత బాధ ఉండదు, పులిహోర డబ్బా ఖాళీ అయ్యేదాకా బాగానే ఉంటారు. పరువు పోయేది పెద్దవాళ్లకి. అలాంటి రోజు కట్ట మీద సంఘంవాళ్లు కాటా పెట్టుకుని కూర్చుంటే కిలోన్నర రవ్వ కొనుక్కుని ఇంటికి పోతాం. పోయిన సంక్రాంతికి అలాగే సంచి తెచ్చి వంటింట్లో పెట్టి, "పిల్లలు పట్టారు అత్తయ్యా" అన్నాను. ఆవిడ సంచి విప్పి చూసింది.

"గాలానికి కోసిన ముక్కలే పడ్డయా బిడ్డా?"